మాట పట్టే మిషిన్

ఆ కాగితం ఆరు నెలలకోసారి వచ్చేది. నాకు కంప్యూటర్ అమ్మిన హైదరాబాద్ సప్లయర్ దాన్ని తెచ్చేవాడు. కరీంనగర్ ఎండల్లో కూడా మెడకు టై బిగించుకుని తిరిగే మనిషి. ఆయన్ని చూస్తేనే నాకు ఉక్కపోసేది. కాగితం మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న, దాని కింద పది ఖాళీ గీతలు ఉండేవి. రాబోయే కంప్యూటర్లలో మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏమేం కోరుకుంటున్నారు? ఇదీ ప్రశ్న.

"నింపి పెట్టుండ్రి మేడం, మావాళ్లు పైకి పంపిస్తరు" అనేవాడు.

పైకి అంటే ఎక్కడికో ఆయనకూ తెలియదు. నేను అడిగితే ఫ్యాన్ వైపు చూసేవాడు.

తొంభైల మొదట్లో మాట. బస్టాండు వెనక గల్లీలో నాదొక ఒంటిగది దుకాణం. అంతకుముందు పదిహేనేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ నేర్పాను. వేల మంది వేళ్లను దారిలో పెట్టాను, నా బతుకు మాత్రం దారిలో పడలేదు. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే అదొక పెద్ద కథ, ఇక్కడ దాని పని లేదు. నన్ను కన్న అవ్వ ఉన్నన్నాళ్లు ఇంట్లో ఒక మాట, ఒక తిట్టు ఉండేవి. ఆమె పోయాక ఇల్లు ఖాళీ చేసి, చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక 386 కంప్యూటర్, కర్రుకర్రుమని అరిచే ఒక ప్రింటర్ కొన్నాను. దుకాణం వెనకే తడక అడ్డం పెట్టుకుని వండుకునేదాన్ని. పొద్దున వండింది రెండు పూటలా తినేదాన్ని.

పగలంతా మనుషులే. కాని అందరూ కాగితం కోసం వచ్చినవాళ్లే. కాగితం చేతిలో పడగానే తప్పులు చూసుకుంటూ మెట్లు దిగిపోయేవాళ్లు. ఎవరికీ నా ముఖం గుర్తుండేది కాదనుకుంటాను.

సప్లయర్ కాగితాన్ని నేను మొదట్లో వేళాకోళంగా నింపేదాన్ని. అయితే అబద్ధాలు రాయలేదు, వాళ్లు అన్నవే రాశాను. జమ్మికుంట పత్తి మార్కెట్ వ్యాపారికి దూది నూగు లోపలికి పోని కంప్యూటర్ కావాలి. భైంసా నుంచి వచ్చే సేటుకు తెలుగు, మరాఠీ రెండూ ఒకే బటన్ మీద ఉండాలి. నిర్మల్ బొమ్మలు అమ్మే ఆయన లేబుళ్లు కొట్టించుకోవడానికి వచ్చి, తెర మీద చిలకను చూసి మొహం మాడ్చుకున్నాడు. "నల్ల చిలకను ఎవడు కొంటడు మేడం? వచ్చే దాంట్లనన్న పచ్చగ వస్తదా?" అన్నాడు. ఇక అందరూ కలిసి అడిగింది ఒక్కటే, కరెంటు పోతే చేసిన పని మర్చిపోని మిషిన్ కావాలని. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది మరి. పెళ్లి పత్రికలో పెళ్లికూతురు పేరు దాకా వచ్చేసరికి టప్‌మని తెర చచ్చిపోయేది. పెళ్లికొడుకు నుంచి మళ్లీ మొదలు.

"గది చెయ్యుండ్రయ్యా ముందు. కూట్ల రాయి తియ్యనోడు ఏట్ల రాయి తీసిండట" అన్నాను సప్లయర్‌తో. ఆయన దాన్ని కూడా రాసుకున్నాడు, పాపం.

ఆ పిల్ల నా దుకాణానికి మొదటిసారి తన అత్తతో వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. పెగడపల్లి దిక్కు ఊరు. మొగుడు దుబాయిలో కూలిపని. అక్కడ ఒక గదిలో ఎనిమిది మంది. ఇంటి నుంచి చేతిరాత ఉత్తరం పోతే చదివేవాడికి రాత అర్థం కావడం లేదట, అచ్చులో కొట్టించి పంపమన్నారట. మొగుడికి చదువు రాదు. ఈ పిల్లకూ రాదు.

అత్త చెప్పింది, నేను కొట్టాను. మీ బాపు క్షేమం, బర్రె ఈనింది, బోరు ఎండింది, ఇంటి మీద స్లాబు పడేదాకా ఇంకో రెండేళ్లు అక్కడే ఉండమని బాపు చెప్పమన్నాడు. అంతా అయ్యాక అత్త కోడలి వైపు తిరిగి, "నీదేమన్న ఉంటె చెప్పు" అంది. ఆ పిల్ల తల వంచుకుని, "మంచిగున్న అని రాయుండ్రి" అంది. అంతే.

తర్వాత అత్తకు మోకాళ్లు పట్టేసి రావడం మానేసింది. పదిహేను రోజులకోసారి, మంగళవారం, ఆ పిల్ల ఒక్కతే బస్సులో వచ్చేది. ఇంట్లో చెప్పి పంపిన సంగతులన్నీ ఒక్కటి కూడా తప్పకుండా అప్పజెప్పేది. నేను కొడుతున్నంతసేపూ ఆమె చేతులు ఖాళీగా ఉండేవి కావు. ఒళ్లో చిన్న చాట, కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. బీడీలు చుడుతూనే మాట్లాడేది. తంబాకు పొడి ఎగిరి కీబోర్డులో పడేది.

"అగో, ఆ చాట అవతల వెట్టు. గీ మిషిన్‌కు తుమ్ములొస్తయి" అని కసిరేదాన్ని.

"దానికి ముక్కెక్కడున్నదక్కా?" అని కిసుక్కున నవ్వేది. నవ్వి, చాట కొంచెం జరిపేది. మళ్లీ వచ్చేసరికి చాట మళ్లీ అక్కడే.

ఒక సంగతి ఇప్పుడే చెప్పాలి. ఆమె గడప ఎక్కుతూనే అడిగే మొదటి మాట, "తిన్నవా అక్కా?" తినలేదంటే సంచిలోంచి మక్క గారెలో, జొన్న రొట్టె ముక్కో తీసి నా ముందు పెట్టేది. అవ్వ పోయాక నన్ను ఆ మాట అడిగిన మనిషి ఇంకొకరు లేరు. అందుకని ఆ మంగళవారాలు తిన్నా కూడా తినలేదనే చెప్పేదాన్ని.

మూడో నెలలోనో నాలుగో నెలలోనో, ఉత్తరం అయిపోయాక కూడా లేవకుండా కూర్చుంది. దారం తెంపి, బీడీ కట్టి, చాటలో వేసి అడిగింది.

"అక్కా, గీ డబ్బల నా మాట పడ్తదా?"

"ఏం మాట?"

"నోటి మాట. నేను మాట్లాడితె లోపల పట్టుకొని, ఆయనకు ఒక్కనికే ఇనిపియ్యాలె. ఇంకొకలకు ఇనవడొద్దు."

టేపులో మాట్లాడి పంపవచ్చు కదా అన్నాను. అప్పట్లో దుబాయికి క్యాసెట్లు పంపడం మా జిల్లాలో ఇంటింటా ఉన్నదే. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంట్లో టేపు పెడితే అందరూ చుట్టూ కూర్చుని వంతులవారీగా మాట్లాడుతారు. అక్కడ కూడా ఇంటి నుంచి క్యాసెట్ వచ్చిందంటే పండుగే, ఎనిమిది మందీ వంట ఆపి వింటారు. ఫోన్ అంటే ఆయన చేస్తేనే, అదీ ఊర్లో కిరాణా దుకాణంలో ఉన్న ఒక్కదానికే, మామ పక్కనే నిలబడి ఉంటాడు. ఉత్తరమైతే, పోస్టు చేసేముందు ఇంటికి తీసుకుపోతే బావ అందరికీ చదివి వినిపిస్తాడు.

"అక్కడ చదివేటోడు మా అత్త అక్క కొడుకు. ఆని నోట్ల నువ్వుగింజ నానది" అంది.

"ఇంతకూ ఏం చెప్పాలె నీ మొగనికి?"

 దారం ఉండ తిప్పుతూ చెప్పింది. మొగుడి రెండేళ్ల పని ఒప్పందం అయిపోవచ్చింది. బతుకమ్మ పండుగ లోపల ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టడమో, ఇంటికి రావడమో తేల్చాలి. ఇంట్లో అందరూ స్లాబు స్లాబు అంటున్నారు. ఆమెకు స్లాబు వద్దు. సంతకం పెట్టవద్దని, వచ్చేయమని చెప్పాలి. ఆ మాట తనదని ఇంట్లో తెలిస్తే ఆమెకు నిలువ నీడ ఉండదు.

సప్లయర్ అంతకు వారం ముందే చెప్పిపోయాడు. కొత్తగా ఒక కార్డు వస్తోందట, కంప్యూటర్ పొట్టలో పెడితే మాట పలుకుతుందట, మైకులో మాట్లాడితే దాచుకుంటుందట. అదే మాట ఆ పిల్లతో అన్నాను. "గిండ్ల పడదు. వచ్చేదాంట్ల పడ్తది. జర ఆగు, ఫికర్ చెయ్యకు."

ఆమె ముఖం ఎంత వెలిగిందంటే, నాకు గర్వం కలిగింది. కంప్యూటర్ కనిపెట్టింది నేనే అన్నంత గర్వం.

ఈసారి కాగితం నింపినప్పుడు వేళాకోళం చేయలేదు. మొదటి గీత మీదే రాశాను. మాట పట్టాలి, వినేవాడి చెవికి తప్ప ఎవరికీ వినపడకూడదు. సప్లయర్ చదివి నవ్వాడు. "ఎవరిది మేడం ఈ డిమాండు?" అన్నాడు. నీకెందుకన్నాను. కార్డు ఎప్పుడొస్తుందని అడిగితే వినాయక చవితి లోపల అన్నాడు.

ఇక వచ్చిన ప్రతి మంగళవారం అదే ముచ్చట. వచ్చిందా అక్కా? రాలేదు. ఎప్పుడొస్తదక్కా? వస్తది. ఆమె చెప్పవలసిన మాటలు తనలో తాను కూడబెట్టుకునేది, కొన్ని నాకు చెప్పి చూసుకునేది. ఇది బాగుందా, ఇట్లంటే ఆయన నవ్వుతాడా అని అడిగేది. నాకు మొగుడితో మాట్లాడిన అనుభవం లేకపోయినా, నేనూ సలహాలు ఇచ్చేదాన్ని. ఆ గంట, గంటన్నర నా దుకాణం ఇల్లులా ఉండేది.

దుబాయిలో కూలివాళ్ల గదిలో కంప్యూటర్ ఎక్కడిది? ఈ ప్రశ్న నాకు రాలేదా? వచ్చింది. మొదటి రోజు రాత్రే వచ్చింది. ఫ్లాపీలో ఆమె మాట పట్టి పంపినా, అక్కడ దాన్ని పలికించడానికి ఇలాంటి మిషినే కావాలి. మళ్లీ వచ్చినప్పుడు చెబుదాం అనుకున్నాను. మళ్లీ వచ్చినప్పుడు ఆమె అల్లనేరేడు పళ్లు తెచ్చింది.

ఇంకోటి చెప్తాను, ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. శ్రావణంలో ఒక పూట బస్టాండులో కూర్చున్నాను. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినట్టున్న ఒకాయన ఎదురుగా నిలబడి, చెవుల్లో వాక్‌మన్ తీగలు పెట్టుకుని కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. ఆయన ఏం వింటున్నాడో పక్కవాడికి కూడా తెలియడం లేదు.  ఇదే కదా ఆ పిల్ల అడిగింది! పది అడుగుల దూరంలో ఫారిన్ సామాన్ల దుకాణం, గుమ్మానికి వాక్‌మన్‌లు వరుసగా వేలాడుతున్నాయి. దుబాయిలో అయితే ప్రతి రెండో మనిషి దగ్గరా ఉంటుంది. నా దుకాణంలో, ఇంట్లోవాళ్లెవరూ లేని చోట, ఒక మామూలు క్యాసెట్‌లో మాట్లాడించి, పోయేవాళ్ల చేతికిచ్చి, చెవుల్లో పెట్టుకుని విను అని కబురు చేస్తే చాలు. కంప్యూటర్ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు, రాబోయేది ఏదీ అక్కర్లేదు.

మరుసటి మంగళవారం ఆమె వచ్చింది. తిన్నవా అక్కా అంది. రొట్టె పెట్టింది. వచ్చిందా అక్కా అంది.

"రాలే. జర ఆగు" అన్నాను.

ఎందుకు చెప్పలేదో నాకు బాగా తెలుసు. మరిచిపోలేదు. మొగుడు వస్తే ఈ పిల్లకు ఉత్తరాలతో పనేమిటి? పదిహేను రోజులకోసారి బస్సెక్కి నా గడప తొక్కడమెందుకు? ఇంకొక్క మంగళవారం అనుకున్నాను. ఆ తర్వాత ఇంకొక్కటి. ఛీ, ఎంత నీచం అని ఆమె పోయాక అనుకునేదాన్ని, ఆమె పెట్టిన రొట్టె తింటూనే.

చవితి పోయింది. కార్డు రాలేదు. వానలు తగ్గి, గునుగు పూలు పూసి, ఆడపిల్లలు తంగేడు కోసం తిరిగే రోజులు వచ్చాయి. బతుకమ్మకు ఇంకా ఆరు రోజులుందనగా సప్లయర్ డబ్బాతో దిగాడు. కార్డు బిగించాడు, అగ్గిపెట్టెల్లాంటి రెండు స్పీకర్లు పెట్టాడు, ఒక చిన్న మైకు ఇచ్చాడు. ఇల్లలకగానే పండుగ అవుతుందా, మూడు గంటలు అది పలకలేదు. చివరికి ఆయన తన సొంత గొంతుతో "హలో, హలో మేడం" అని పట్టించి వినిపించాడు. టై వదులు చేసుకుని, చెమట తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే మంగళవారం. తలుపు మూసి, ఆ పిల్లను మైకు ముందు కూర్చోబెట్టాను. నన్ను బయటికి పొమ్మంటుందేమో అనుకున్నాను. అనలేదు. "నువ్వుండక్కా, నాకు భయమైతది" అంది. మైకును రెండు చేతులతో పట్టుకుని, దాని వైపు కాక గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"తిన్నవా? నేను మంచిగనే ఉన్న. మంచిగున్న అంటె మంచిగ లేను. గా ఉత్తరాలల్ల నేను చెప్పినయన్ని అత్తా మామల మాటలే. నాకు స్లాబు అద్దు. గూనపెంకల ఇల్లే మంచిగున్నది. వానకు రెండు కాడ కురుస్తది, గిన్నెలు వెడుతున్న. మన పెండ్లయినంక మనం కలిసి ఉన్నది నలభై రోజులే, నేను లెక్కవెట్టిన. నీ మొఖం యాదికి రావాలంటె ఫోటో చూడవడ్తున్నది. ఫోటో సూత్తె ఎవలో లెక్కున్నవ్. సంతకం వెట్టకు. నువ్వు రా. ఉన్నది తిందాం. నువ్వు రా."

ఒకటిన్నర నిమిషం. నేను బటన్ నొక్కి వినిపించాను. తన గొంతు స్పీకర్లలోంచి రాగానే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, తర్వాత అదే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంకోసారి అంది. ఇంకోసారి వినిపించాను.

"మస్తుందక్కా. ఇప్పుడు గిది ఆయనెట్ల ఇంటడు?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. చెప్పాను. అక్కడ కూడా ఇలాంటి కంప్యూటరే ఉండాలని చెప్పాను. లేకపోతే వాక్‌మన్ ఒకటుంటుంది, చెవుల్లో పెట్టుకునేది, మామూలు క్యాసెట్ అయినా సరిపోతుంది, ఇప్పుడే పట్టేద్దాం, రా, అని గబగబా మాట్లాడాను. నా మాటలు నాకే అసహ్యంగా వినిపించాయి.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఒళ్లో బీడీలను కట్ట కట్టుకుంటూ చాలా మెల్లగా అడిగింది.

"గది గప్పుడే చెప్పకపోయినవా అక్కా? మొన్న బేస్తారం మా పక్కూరాయన దుబాయి పోయిండు. ఆయనతోని పంపకపోదునా?"

పోస్టులో వేస్తే పదిహేను రోజులు. బతుకమ్మకు అయిదు రోజులు. లెక్క ఆమెకూ వచ్చు, నాకూ వచ్చు. చాట సంచిలో పెట్టుకుని లేచింది. ఆ రోజు ఉత్తరం కూడా కొట్టించుకోకుండా పోయింది.

పండుగ తర్వాత ఉత్తరానికి అత్త వచ్చింది, మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి. కొడుకు ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాడని సంతోషంగా చెప్పింది. చెడ్డ మనిషి కాదు, కురిసే ఇంట్లో ముప్పై ఏళ్లు గిన్నెలు పెట్టిన మనిషి. కోడలు రాలేదేమని అడిగితే, పని ఉందట అంది. తర్వాత కూడా ఆమే వచ్చేది. ఉత్తరం చివర, "కోడలు మంచిగున్నదని రాయి" అనేది. నేను రాసేదాన్ని.

ఆ పిల్ల మాట మాత్రం నా కంప్యూటర్‌లో ఉండిపోయింది. రోజుకోసారి అన్నం ముందు పెట్టుకుని దాన్ని పలికించేదాన్ని. "తిన్నవా?" అనేది. అక్కడికి ఆపేసేదాన్ని. మిగతాది నాది కాదు. మొదటి మాట కూడా నాది కాదు, ఆ సంగతి తెలుసు, అయినా ఆపుకోలేకపోయాను.

డిస్కులో చోటు చాలేది కాదు. పెళ్లి పత్రికలు, ఎలక్షన్ కరపత్రాలు నిండిపోయేవి. చోటు కావలసినప్పుడల్లా ఎవరిదో పెళ్లి తీసేసేదాన్ని గాని దాన్ని ముట్టుకోలేదు. ఆ తర్వాత సప్లయర్ కాగితం తెస్తే పది గీతల్లోనూ ఒక్కటే మాట రాశాను, ఎక్కువ చోటు కావాలని. "మీ బిజినెస్ మస్తు పెరిగినట్టుంది మేడం" అన్నాడు ఆయన.

రెండేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు. ఆ పిల్ల, వెనకాల ఒక బక్కపలచని మనిషి, దుబాయి చొక్కా, కణతల దగ్గర అప్పుడే నెరుపు.  ఆమె చిక్కింది, కాని నవ్వింది.

"అక్కా, నా మాట ఇంక ఉన్నదా?"

ఉందన్నాను. ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి వినిపించాను. ఆ రెండేళ్లలో నేను ఎప్పుడూ వినని మిగతా మాటలన్నీ ఆ గదిలో మళ్లీ వినబడ్డాయి. నువ్వు రా, ఉన్నది తిందాం, నువ్వు రా. అయిపోయింది. ఆయన నల్లటి తెర వైపు వేలు చూపించాడు.

"గిది ఎప్పటిది?"

"నువ్వు సంతకం వెట్టకముందుది" అంది ఆమె.

ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎవరితోనో కాక తనతో తాను అన్నట్టు అన్నాడు. "అందరు ఉండుమంటున్నరు, నువ్వు సుత ఉండుమంటున్నవనుకున్న. గీ మాట నాకు చేరితె సంతకం వెట్టకపోదును." తర్వాత నా వైపు తిరిగి, "ఎందుకు చేరలే అక్కా?" అని అడిగాడు.

 నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల అందుకుంది.

"మిషిన్ ఆలిశంగ వచ్చింది. అక్క ఏం జేస్తది?"

నా వైపు చూడకుండా అంది. నేను తల ఊపాను. అవునన్నట్టే ఊపాను.

"ఇగ దాన్ని తీసెయ్యి అక్కా, ఆయనే వచ్చిండు గద" అంది. వాళ్లిద్దరూ చూస్తుండగానే తీసేశాను. నిజంగా తీసేయాలా అని తెర ఒకసారి అడిగింది, అవునని నొక్కాను. ఇద్దరూ మెట్లు దిగి బస్టాండు వైపు పోయారు. తడక వెనక నా అన్నం గిన్నె మూత పెట్టే ఉంది. ఆ రోజు ఆమె, తిన్నవా అని అడగలేదు.